గోడకు గురిపెట్టిన రేడియో

ఫిల్మ్‌నగర్‌లో ఎక్కడ ఏ గరగర పుట్టినా దాని పుట్టిల్లు కనిపెట్టి, ఆపించిన తరవాత గానీ అన్నం ముట్టని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన పరబ్రహ్మం గారు. పాలిటెక్నిక్‌లో ముప్పై యేళ్ళు ఎలక్ట్రానిక్స్ బోధించి రిటైరయ్యారు. జేబులో పట్టే చవక రేడియోలకు దూరదేశాలు వినిపించేలా చేయడం ఆయన వానప్రస్థం.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో రేడియో కొన్న గంటకల్లా అది ఆయన బల్ల మీద పొట్ట విప్పుకుని పడి ఉండేది. మీడియం వేవ్ తరంగాలను పట్టేది లోపలుండే చిటికెన వేలంత నల్లటి ఫెర్రైట్ కడ్డీ. దాన్ని పీకి జానెడు కడ్డీ పెట్టేవారు. దాని మీద సన్నని తీగ తానే చుట్టి, ఆ చుట్టను ముందుకీ వెనక్కీ జరిపి, గొంతు బాగా పలికిన చోట కొవ్వొత్తి మైనంతో అతికించేవారు. ఆ తరవాత డబ్బాకు మూత పట్టేది కాదు. కడ్డీ రెండు పక్కలా పొడుచుకొచ్చి, అగ్గిపెట్టె కావడి మోస్తున్నట్టుండేది. సూర్యాస్తమయం వేళ దానితో డాబా ఎక్కితే ముందు చెన్నై, తరవాత లంక, అదృష్టం బాగుంటే భాష కూడా అంతుపట్టని దేశం వినిపించేవి.

అయితే ఈ కాలంలో ప్రతి ఛార్జరూ, ప్రతి ఎల్‌ఈడీ బల్బూ ఆ తరంగాల మీద గరగర ఉమ్ముతూనే ఉంటాయి. అందుచేత డాబా ఎక్కే ముందు ఆయన రేడియో పట్టుకుని అంతస్తులన్నీ తిరిగేవారు. గంట మోగిందంటే తలుపవతల ఆయనేనని ఇళ్ళలో అందరికీ గుండె జారేది.

"ఆపండి!" అనేవారు, నమస్కారానికి బదులు.

"అంకుల్, అది మా చేపల తొట్టి మోటారు. ఆపితే చేపలు చచ్చిపోతాయి," అంది మొదటి అంతస్తు జెరూష.

"ఎంతసేపట్లో?" అని పరబ్రహ్మం గారు గడియారం చూసుకున్నారు.

ఒకసారి సందు చివర షూటింగ్ జనరేటర్ దగ్గరికీ వెళ్ళారు. "హీరో మీద లైటుంది సార్, ఎలా ఆపమంటారు?" అని అక్కడివాడు మొత్తుకుంటే, "కాసేపు నీడలో నిలబెట్టండి, రంగు తగ్గకుండా ఉంటారు," అన్నారు.

మూడో అంతస్తులో ఆయన ఎదుటి వాటా వేదవ్యాస్ అనే సినిమా రచయితది. ఆయన వ్యసనం రేడియో అయితే అతని వ్యసనం భయం. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే భయం, తెలిసిన నంబరైతే ఇంకా భయం. వంటింట్లో బల్లి కనిపించిందని రెండు రోజులు వెంగళరావు నగర్‌లో అక్కగారింట్లో తలదాచుకున్న మనిషి. పదకొండేళ్ళు కృష్ణానగర్ గదుల్లో ఉంటూ పరుల పేరు మీద సీన్లు రాసి, మొట్టమొదటిసారి తన పేరు తెర మీద పడబోయే కథ రాస్తున్నాడు. ఆ కథ క్లైమాక్స్ ఒక సోమవారం పొద్దున ఏదో వెబ్‌సైట్‌లో ప్రత్యక్షమైంది.

ప్రొడక్షన్ మేనేజర్ హనుమంతు గంటలో వచ్చి వాలాడు.

"రైటర్ సాబ్, ఈ క్లైమాక్స్ ఎరుకున్నది ముగ్గురికి. డైరెక్టర్ సాబ్ చెప్పడు. నేను చెప్పలె. ఇగ మిగిలిందెవరో నువ్వే సోచాయించుకో."

"నేను... నేనెందుకు చెబుతానండీ?"

"జర పరేషాన్ గాకు. శుక్రవారం లోపట దొంగను పట్టియ్యి. లేకుంటే తెర మీద నీ పేరుండది. గంతే."

ఆ సాయంత్రం వేదవ్యాస్ తలుపు కంతలోంచి బయటికి చూశాడు. నడవాలో పరబ్రహ్మం గారు రేడియో కడ్డీ కొనను వేదవ్యాస్ గోడకు గురిపెట్టి, అంగుళం అంగుళం తిప్పుతున్నారు. ఒకచోట ఆగి, తల పంకించి, దొంగలా మెట్లు దిగి వెళ్ళిపోయారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నిష్పక్షపాతంగా చూస్తే వేదవ్యాస్ అనుమానానికి ఆధారాలు లేకపోలేదు. లంకలో మాట్లాడేది వినిపించే యంత్రానికి గోడవతల మాట వినిపించదని అతనికి ఎవరు చెప్పాలి? పైగా రోజూ సాయంత్రానికల్లా అతని గీజరు పని చేయడం మానేసేది. పొద్దున్నే వాచ్‌మన్ బసవపున్నయ్యను బతిమాలితే, కింద మీటర్ల దగ్గర ఏదో పైకెత్తి వేడినీళ్ళు తెప్పించేవాడు. మొదట కథ పోయింది, తరవాత వేడినీళ్ళు పోయాయి, ఇక మిగిలింది ప్రాణమేనని వేదవ్యాస్ లెక్క వేసుకున్నాడు. మాట బయటికి పోకుండా ఆ గోడ నిండా, గీజరు స్విచ్చు వేసి ఉన్న స్విచ్‌బోర్డు సహా, రెండు రగ్గులు మేకులతో దిగగొట్టాడు. ఫోన్లో కథ చెప్పవలసి వస్తే స్నానాల గదిలో కుళాయి విప్పి గుసగుసలాడాడు.

గురువారం సాయంత్రం హనుమంతును పిలిపించి తలుపు చాటున నిలబెట్టాడు. అలవాటు ప్రకారం పరబ్రహ్మం గారు వచ్చి గోడకు గురిపెట్టారు.

"పట్టుకోండి!" అని వేదవ్యాస్ అరిచాడు, హనుమంతు వీపు వెనక నుంచి.

హనుమంతు రేడియో లాక్కుని చెవికి ఆనించుకున్నాడు. గర్ర్ర్ తప్ప మరేమీ లేదు. "గిదేనా మా క్లైమాక్సు?"

"క్లైమాక్స్ తరవాత, ముందు కింద మెయిన్ ఆపించండి! ఇవాళ మరీ ఎక్కువగా ఉంది!" అన్నారు పరబ్రహ్మం గారు. ఆయన గొంతు వణకడం ఆ భవనంలో ఎవరూ అంతవరకు విని ఎరగరు.

"ఏంది సార్ ఎక్కువున్నది?"

"ఈ కడ్డీ కొన ఎటు చూసినప్పుడు గరగర చచ్చిపోతుందో, అది పుట్టేది అక్కడే. ఇలా తిప్పండి... చూశారా? గోడలో నిప్పురవ్వలు రాలుతున్నాయి."

హనుమంతు గోడ మీద అరచెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "అమ్మో! కాలుతున్నది!"

కేకేస్తే కింద బసవపున్నయ్య మెయిన్ ఆపాడు. లోపలికి పరుగెత్తి రగ్గులు లాగితే, ఒకదాని మీద పళ్ళెమంత గోధుమరంగు మచ్చ, దాని నడుమ సన్నగా పొగ. పక్క సందు షూటింగ్‌లో ఉన్న లైట్‌మ్యాన్ తిరుమలేశ్‌ను హనుమంతు ఫోన్ చేసి రప్పించాడు. బోర్డు విప్పితే గీజరు తీగ వదులై, చుట్టూ ప్లాస్టిక్ బొగ్గయిపోయి ఉంది.

"ఇంకో గంటైతే రగ్గు అంటుకునేది సార్," అన్నాడు తిరుమలేశ్.

వేదవ్యాస్ నేల మీద చతికిలబడ్డాడు. "మాస్టారూ, ముందే తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?"

పరబ్రహ్మం గారు గోళ్ళకంటిన మైనం గిల్లుకోసాగారు. గుమ్మంలోంచి ఆయన భార్య రమామణి అందుకుంది.

"చెప్పమనే అన్నాను బాబూ. 'బల్లికే రెండు రోజులు ఇల్లొదిలి పారిపోయాడు, గోడలో నిప్పంటే కలం ముట్టడు. మొదటిసారి పేరు పడే సినిమా రమా' అన్నారు. రేపు మీరు ఆఫీసుకు వెళ్ళాక ఎలక్ట్రీషియన్ని రమ్మన్నారు. ఈలోగా సాయంత్రం ఈయన దిగి మీ గీజరు లైను ఆపి రావడం, పొద్దున్నే మీరు మళ్ళీ వేయించుకోవడం! సోమవారం నుంచి డాబా ఎక్కనే లేదు, లంక ఉందో మునిగిందో కూడా తెలియదు."

నిప్పు సంగతి దాచడం తప్పే. అందులో వాదానికి తావు లేదు. కానీ ఒక పిరికివాడి కలం ఆగకూడదని నాలుగు సాయంత్రాలు లంకను వదులుకున్న మనిషికి శిక్ష వేయమంటే, ఏ న్యాయమూర్తి అయినా కాస్త గడువు అడుగుతాడు.

"గదంత మంచిగనే ఉంది," అన్నాడు హనుమంతు. "మరి లీకు చేసిందెవరు?"

"దానికి రేడియో ఎందుకు బాబూ?" అంది రమామణి. "వేదవ్యాస్ గారు ఫోన్లో కథ చెబితే వాళ్ళ వంటింటి కిటికీలోంచి కింద టీ బండి దాకా పోతుంది. ఆదివారం ఆ క్లైమాక్సే, తల్లి చనిపోయే సీను, చెబుతుంటే అక్కడ ఇద్దరు గ్లాసులు పక్కన పెట్టి ఏడ్చారు."

హనుమంతు ముఖం మారిపోయింది. "ఏడ్చిండ్రా? నిజంగనా?"

"నేను చూశాను. ఒకాయన రెండో టీ కూడా తాగలేదు."

"గట్లయితే పేరు ఉంటది రైటర్ సాబ్! ఫికర్ జెయ్యకు. క్లైమాక్స్ మాత్రం కొత్తది రాయి."

శనివారం సాయంత్రం వేదవ్యాస్ కొత్త క్లైమాక్స్ పట్టుకుని ఎదుటి వాటాకు వెళ్ళాడు. కిటికీలు మూసి, పరబ్రహ్మం గారి చెవి దగ్గర గుసగుసగా మొదలుపెట్టాడు.

"ఒక్క ముక్క వినిపించడం లేదు. గట్టిగా చెప్పండి."

"లీకవుతుంది మాస్టారూ!"

ఆయన కాగితాలు తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు. "నిశ్చింతగా గట్టిగా చెప్పుకోండి. ఇది లీకైనా ఎవరూ ఏడవరు."

వేదవ్యాస్ కాగితాలు అందుకుని తన వాటాకు పరుగెత్తాడు. వంటింటి కిటికీ తెరిచాడు. కొత్త క్లైమాక్స్ మొదటి సీను నుంచి, ప్రతి వాక్యాన్నీ అక్కడికక్కడే సవరించుకుంటూ, వణుకుతున్న గొంతుతో గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. కింద టీ బండి దగ్గర ఎవరో, బాగా వినపడాలని, స్టవ్ మంట తగ్గించారు.