యాదమ్మ ఎడమ చేయి

తెలంగాణ వచ్చిన నాలుగేండ్లకు, 2018 ఎండాకాలంలో, నేను నల్లగొండలో చేనేత శాఖ అభివృద్ధి అధికారిగా ఉన్నాను. ఈ హోదాకు పైన అసిస్టెంట్ డైరెక్టర్, కింద నేత సంఘాలు. మధ్యలో మా బతుకు అడకత్తెరలో పోకచెక్క. అప్పుడే హైదరాబాదులో వీడియో గేమ్‌లు తయారుచేసే ఒక కంపెనీ, మగ్గాల పల్లె కథతో ఆట చేస్తున్నామనీ, పని తెలిసిన అధికారిని సలహాకు పంపమనీ మా ఆఫీసును అడిగింది. కంప్యూటరంటే ఆమడ దూరం పారిపోయేవాణ్ణి కాబట్టి మా ఏడీ గారు ఏరి కోరి నన్నే పంపారు.

నాకు పులిజూదం తప్ప మరో ఆట తెలియదు. వాళ్లు చెప్పగా నాకు అర్థమైంది ఇది. ఆడేవాడు ఆటలో ఒక నేత యువకుడవుతాడు. నేస్తాడు, అమ్ముతాడు, పక్క వీధి పిల్లను ప్రేమిస్తాడు. ఆ ప్రేమకు లెక్క ఉంటుంది. కానుక ఇస్తే కొంత, సరైన మాట ఎంచుకుంటే కొంత, తెర మీద గుండె బొమ్మ నిండుతూ వస్తుంది. నిండితే పెండ్లి, ఆ తర్వాత గది తలుపు తెరుచుకుంటుంది. తలుపు వెనక ఎంతవరకు చూపించాలన్నదే కంపెనీలో పెద్ద తగువు. డబ్బు పెట్టే విదేశీ సంస్థ పడకగది ముచ్చట మొత్తం కావాలంది. ఇక్కడ పనిచేసే కుర్రవాళ్లు దీపం ఆర్పేస్తే చాలన్నారు. నన్నడిగితే, నూలు సంగతైతే చెప్తాను గానీ ఇది నా శాఖ కాదన్నాను.

బొమ్మల కదలికలను నిజమైన మనుషుల నుంచే తీసుకుంటారు. ఒంటికి మెరిసే బిళ్లలు అంటించి చుట్టూ కెమెరాలు పెడతారు. మనిషి ముఖం రాదు, కదలిక మాత్రమే కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. అందుకోసం చండూరు దగ్గరి ఒక పల్లె నుంచి అంజయ్య, యాదమ్మ అనే దంపతులను వెంటబెట్టుకుపోయాను. ఆయనది మగ్గం, ఆమెది ఆసు. ఆసు అంటే అర్ధచంద్రంలా మేకులు దిగేసిన చట్రం. చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగు అద్దే ముందు, పేక నూలును ఆ మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడుతుంది. ఆ పని యాదమ్మ కుడి భుజాన్ని తినేసింది. ఎడమ చేయి కూడా భుజం దాటి పైకి లేచేది కాదు.

కదలికల పని చూసే స్రవంతి అనే అమ్మాయి, యాదమ్మకు చీర మీదే బిళ్లల కోటు తొడిగి, ఆట సంగతి ఓపికగా చెప్పింది. యాదమ్మ అంతా విని, “గట్లైతే ఎవడు చీరలెక్కువిస్తె వానికే పెండ్లామైతదా, బిడ్డా?” అంది. అంజయ్య ఊరుకోలేదు. “నేనొక్కటి గూడ ఇయ్యలే. నేసినయన్ని అంగడికే పాయె. అయినా ఇడిశిపెట్టి పోలే సూడు” అన్నాడు. అందరూ నవ్వారు.

నేత కదలికలన్నీ సాఫీగా అయిపోయాయి. ఇక కౌగిలించుకోమంటే ఇద్దరూ ససేమిరా అన్నారు. “ఛీ, సిగ్గు శరం లేదా” అని యాదమ్మ ముఖం తిప్పుకుంది. కంపెనీవాళ్లు పడకగది కోసం ఇద్దరు కుర్ర నటులను పిలిపించారు. వాళ్లు తయారవుతుంటే మా దంపతులు గోడవారన చాయ్ కోసం కూర్చున్నారు. బిళ్లలు ఇంకా తీయలేదు, కెమెరాలు ఆపలేదు. మగ్గం పని చేసేవాళ్ల తలలో నూలు దూది ఎప్పుడూ ఉంటుంది. యాదమ్మ ఎటో చూస్తూనే ఎడమ చేయి ఎత్తింది. అంజయ్య కూడా చూడకుండానే, ఆ చేతికి అందేలా తల వంచాడు. ఆమె దూది తీసి పారేసింది. అంతే. స్రవంతి దాన్ని తెర మీద చూసి, “సార్, నాకు కావలసింది దొరికింది” అంది. దాన్ని గది తలుపుకు ముందు సన్నివేశంగా పెట్టుకుంది. నటుల కౌగిలింతలను యాదమ్మ కొంగు చాటు నుంచి చూసి నవ్వుతూనే ఉంది.

కరోనా రెండో విడతలో యాదమ్మ దవాఖానలో చనిపోయింది. కొన్నాళ్లకు అంజయ్య నా ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“సారూ, ఇంట్ల ఆమెయి రెండే ఫొటోలున్నయి. ఒకటి లగ్గంది, ఒకటి ఆధారుది. రెండిట్ల గూడ కదలది. గా కంప్యూటరోళ్లకాడ కదులుతది గద. ఒక్కపారి సూపియ్యమనుండ్రి.”

ఫోన్ చేస్తే స్రవంతి ఎత్తింది. విదేశీ సంస్థ చేతులెత్తేసిందనీ, ఆట సగంలో ఆగిందనీ, ఆ నెలాఖరుకు ఆఫీసు మూస్తున్నామనీ చెప్పి, వెంటనే రమ్మంది. నేను సెలవు పెట్టి అంజయ్యతో బస్సెక్కాను. కంపెనీ నియమం ప్రకారం మా ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకున్నారు.

తెర మీద ఇరవై ఏండ్ల పిల్ల వచ్చింది. లంగా ఓణీ, కాటుక కండ్లు. అంజయ్య నా వైపు తిరిగి, “గీ పిల్లెవరు సారూ? మా ఆమె ఏది?” అన్నాడు. ఇంత దూరం తెచ్చి ఈ ముసలాయనను ఏడిపిస్తున్నానా అనిపించింది. స్రవంతి కానుకలూ మాటలూ లేకుండానే గుండె బొమ్మ నింపేసి, కథను తలుపు ముందుకు తెచ్చింది. యువకుడు గడప మీద కూర్చున్నాడు. పిల్ల పక్కన కూర్చుని ఎడమ చేయి ఎత్తింది. అది భుజం దగ్గరే ఆగింది. అతను తల వంచాడు. ఆమె దూది తీసింది.

“గదే,” అన్నాడు అంజయ్య. “గదే యాదమ్మ.” భార్య పేరు ఆయన నోట నేను విన్నది అదొక్కసారే.

లోపలికి పోదామా అని ఆట అడుగుతోంది. స్రవంతి వేలు మీట మీదికి పోయింది.

“ఒత్తకు బిడ్డా,” అన్నాడాయన. “తలుపు లోపల మా ఆమె లేదు. గా సినిమా పిల్లలున్నరు.”

ఆడేవాడు ఆలోచించుకునేంతసేపు బొమ్మలు కొయ్యబారి ఉండకూడదని, అవి చేసిన పనినే మళ్లీ చేసేలా పెడతారు. మీట నొక్కలేదు కాబట్టి ఆ చేయి మళ్లీ లేచింది. దూది తీసి, దిగి, కాసేపాగి మళ్లీ లేచింది. అది లేచినప్పుడల్లా కుర్చీలో అంజయ్య తల కొద్దిగా వంగేది. స్రవంతి బయటికి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం వాచ్‌మన్ తలుపులు వేయడానికి వచ్చాడు, వెనకే స్రవంతి. అంజయ్య లేచి, “నువ్వే బందుపెట్టు బిడ్డా, నాకు శేతులొస్తలేవు” అని స్రవంతితో అన్నాడు.

ఆ ముక్క ఒక్కటి నకలు ఇవ్వమని అడిగాను. ఆట మీద హక్కు డబ్బు పెట్టినవాళ్లది. స్రవంతి వాళ్లకు రాసింది గానీ అనుమతి రాలేదు. కంప్యూటర్లను తుడిచేసి అమ్మేశారని తర్వాత తెలిసింది.

మిగిలిన సర్వీసులో, నేత పనిని చిత్రించడానికి పల్లెలకు ఎవరొచ్చినా రెండు మాటలు చెప్పి పంపేవాణ్ణి. పని అయిపోయిందని వెంటనే కెమెరా ఆపొద్దు. తీసినదాని నకలు ఆ ఇంటివాళ్ల చేతిలో పెట్టకుండా ఊరు దాటొద్దు.