జొన్నచేలో చిలకల పాఠం

నిన్న నేను చేసిన ఘనకార్యం ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలకు రాకముందే నేనే చెప్పేస్తా, వినండప్పా. ఇంకొకరు చెబితే ఇంకా ఎక్కువ చేసి చెబుతారు!

రెండేండ్లుగా ఆళ్లగడ్డ హైస్కూల్లో తెలుగు చెబుతాండా గదా, ఇంకా టెంపరరీనే. కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, పాఠం విని, బాగుందని రాస్తేనే పర్మనెంటు. నిన్న ఆయన రానే వచ్చినాడు. నేనేమో ప్రకృతి పద్యం ఎత్తుకున్నా. ఆకాశం నుంచి పచ్చల హారం జారి చేని మెడలో పడిందంటాడు కవి. హారమంటే చిలకల గుంపు. "ఇందులో భావచిత్రమేందిరా? కవి గొంతు ఎట్లుంది, సంతోషమా, దిగులా?" అంటే నలభైమందీ పుస్తకాల్లోకి తలలు దూర్చినారు.

నాకు తిక్క రేగింది. "పుస్తకంలో కాదు, కండ్లతో చూద్దాం రాండి!" అని నలభైమందినీ బడి వెనక జొన్నచేను గట్టుకు తోలుకుపోయినా. ఇన్‌స్పెక్టరు కూడా నోటుబుక్కు పట్టుకోని వెంట వచ్చినాడు. ఇదేదో కొత్త పద్ధతి అనుకున్నాడేమో, మొహం వెలిగిపోతాంది.

నా అదృష్టం, నిజంగానే చిలకలు దిగినాయి. వందో, రెన్నూరో! పాలకంకుల మీద పచ్చగా వాలినాయి.

"అదీ హారం! కదలగాకండి, చప్పుడు చేయగాకండి!"

పిల్లోళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటాండారు. ముందున్నోని చేయి అప్పుడే మట్టిగడ్డ మీదికి పోయింది. "వదిలెయ్‌రా! అనుభవించు!" అని గదమాయించినా. చిలకలు మాత్రం నింపాదిగా అనుభవిస్తాండాయి.

ఇంతలో చేను ఆసామి వడిసెల పట్టుకోని పరిగెత్తుకొచ్చినాడు. "ఏందప్పా అయివారూ! నా జొన్నలు తింటాంటే నలభైమందిని నిలబెట్టి తమాషా సూపిస్తాండావా?"

ఆయన గొంతు ఎట్లుందో ఎవురికీ వివరించే పని లేకపోయింది.

క్లాసంతా "హోయ్!" అని గడ్డలు విసురుతా చేలో పడింది. "ఆగండ్రా!" అంటే వినేదెవరు? తిరిగి చూస్తే ఇన్‌స్పెక్టరు! కోటు గట్టు మీద పడేసి, ఆసామి చేతిలో వడిసెల గుంజుకోని, అందులో రాయి పెట్టి గిరగిరా తిప్పుతాండాడు. ఆయనదీ పాములపాడు పక్క సేద్యం ఇల్లేనంట. నాకేం తెలుసు?

సాయంత్రం రిపోర్టు చేతికిచ్చినాడు. ఉద్యోగం పర్మనెంటు! బతికితిరా దేవుడా అనుకున్నా. కింద ఇంకో లైను ఉంది.

"చిలకలు చేలో వాలితే ఏమవుతుందో పిల్లలందరికీ బాగా తెలుసు. అయివారికి కూడా వారే నేర్పగలరని ఆశిస్తున్నాను."