అవ్వ గోడ మీది పట్నం

మొన్న మనవరాలు హైదరాబాదు చూసివచ్చి, సెల్‌ఫోన్‌లో చార్మినార్ ఫొటోలు చూపిస్తుంటే, నాకు తెలియకుండానే నా వేలు ఆ మీనార్ల అంచుల వెంట పాకింది. అట్లా తాకితే బొమ్మ జరిగిపోతుందని అది నన్ను కోప్పడింది కానీ, పట్నాన్ని వేళ్లతో చూడటం మా ఇంట్లో పాత అలవాటని దానికేం తెలుసు!

అవి నిజాం రోజులు. మాది హుజూర్‌నగర్ దగ్గర పల్లె. మా అవ్వకు, అంటే నాయినను కన్నతల్లికి, చూపు మందగిస్తే నాయిన ఆమెను బండిలో నల్గొండ దాకా, అక్కడి నుంచి మోటారు బస్సులో హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాడు. ఇక చూపు నిలవదని డాక్టరు చెప్పేశాడట. మరొకరైతే ఏడుస్తూ తిరిగి వచ్చేవారేమో కానీ మా అవ్వ మొండిది, ఉన్న చూపుతోనే పట్నమంతా తిప్పమని నాయిన ప్రాణం తీసి, ఇంటికి రాగానే కాళ్లయినా కడుక్కోకుండా సున్నం కలపమంది. కళ్లు పోయేలోగా చూసిందంతా గోడ మీదికి ఎక్కించాలని ఆమె ఆరాటం. జాజుమట్టి పూసిన ఎర్రగోడ మీద నలగ్గొట్టిన ఈతపుల్లతో చార్మినార్ గీసింది. గాజుల బజారు కోసం మా అమ్మ చేతిగాజు తీయించి, చిక్కటి సున్నంలో ముంచి, ఒక్కో దుకాణానికి ఒక్కో అచ్చు చొప్పున వరసగా అద్దింది. అందుకే మా పట్నంలో గాజుల దుకాణాలు చార్మినార్ కంటే పెద్దవి. నవ్వినవాళ్లను, "నాకు గట్లనే కనవడ్డయి, మీకేం నొప్పి?" అని కసిరేది.

బతుకమ్మ పండుగ నాటికి ఆమెకు చీకటే మిగిలింది. పండుగకు ముందు ఇల్లంతా కొత్తగా జాజు పూయాలి, ఏ గోడనూ విడిచిపెట్టకూడదు. జాజు గుడ్డ పట్టుకుని అమ్మ ఆ గోడ ముందే నిలబడిపోయింది. "పూయి బిడ్డా, పండుగ పూట గోడ మాసి ఉండొద్దు" అన్నది అవ్వ, కానీ గోడ మీది చెయ్యి మాత్రం తీయలేదు. అమ్మ గుడ్డ పక్కన పెట్టి, చూపుడువేలు జాజులో ముంచి, సున్నపు గీతల మధ్య సందులన్నీ పొద్దుగూకేదాకా ఒక్కొక్కటే నింపింది. ఆ అత్తాకోడళ్లకు క్షణం పడేది కాదు, అందుకే అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఆపైన ప్రతి పండుగకూ అమ్మ ఆ గీతల మీద మళ్లీ సున్నం పెట్టేది. గీతలు దళసరి అయ్యాయి. అవ్వ వాటిని తడుముతూ పట్నం తిరిగేది, నా వేలు పట్టుకుని నన్నూ తిప్పేది.

పెద్దయ్యాక నేను తొలిసారి హైదరాబాదు వెళ్లివస్తే, "ఎట్లున్నదే పట్నం?" అని ఆశగా అడిగింది. దుకాణాలు చార్మినార్ కాళ్ల దగ్గర ఇంతింతే ఉన్నాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నువ్వు గీసినట్టే ఉన్నదవ్వా" అన్నాను.

ఆ గోడ ఎప్పుడో వానకు కూలింది. మనవరాలి ఫొటోలు ఎంతో బాగున్నాయి, చెరిగిపోయే భయం కూడా లేదు. కానీ ఎంత తడిమినా అంతా నున్నగానే ఉంది, అమ్మ గాజు అచ్చు నా వేలికి ఎక్కడా తగల్లేదు.