ఎన్ని నెలలు ఎగ్గొట్టాలండీ?

2005 వేసవిలో నన్ను మా బ్యాంకు అంబాజీపేట శాఖకు మేనేజరుగా బదిలీ చేశారు. వసూళ్ళలో ఆ శాఖ బాగా వెనకబడి ఉంది. ఆ ఏడాదే పైనుంచి వన్ టైమ్ సెటిల్‌మెంట్ పథకం వచ్చింది. చదువు కోసం తీసుకున్న అప్పు మొండిబాకీగా మారితే, అసలు ఒక్కసారిగా కట్టినవాళ్ళకు వడ్డీ మాఫీ. మూడు నెలలు దాటినా వాయిదా పడని ఖాతా మొండిబాకీ కింద లెక్క. సక్రమంగా కట్టేవాళ్ళకు పథకం వర్తించదు.

వీర్రాజు గారు కూలీలతో చెట్ల మీది కాయలు కోయించి కొబ్బరి దింపులు తీయించే మేస్త్రీ. పెద్దకూతురి ఫార్మసీ చదువుకు తీసుకున్న అప్పు నెలనెలా తప్పకుండా కడుతున్నారు. ఒక ఉదయం నా ఎదురుగా కూర్చుని ఎంతో మర్యాదగా అడిగారు.

"ఎన్ని నెలలు ఎగ్గొడితే నాకూ మాఫీ వస్తుందండీ?"

నిర్ఘాంతపోయాను. అప్పు ఇమ్మన్నవాళ్ళను, గడువు పెంచమన్నవాళ్ళను చూశాను గాని, ఎగ్గొట్టే దారి చెప్పమని బ్యాంకు మేనేజరునే అడిగిన మనిషిని నా సర్వీసులో చూడలేదు. పరువుగలవాళ్ళు అడగాల్సిన మాటేనా ఇది అని గట్టిగానే అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "మా పక్కింటాయన ఒక్క వాయిదా కట్టలేదండి. ఆయనకి వడ్డీ వదిలేసేరు. ఆ మిగిలిందాంతో రెండోవాణ్ణి కాలేజీలో వేసేరు. మీ వాయిదా తప్పకూడదని నేను మా చిన్నదాన్ని బీఈడీకి పంపకుండా ఇంట్లో కూర్చోబెట్టేనండి. పరువు ఎవరికి మిగిలిందంటారు?"

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. సక్రమంగా కట్టేవాళ్ళకూ కొంత వడ్డీ తగ్గించమని ప్రాంతీయ కార్యాలయానికి రాశాను. నిబంధనల్లో వీలు లేదన్నారు. ఇక నా చేతిలో ఉన్నది ఒక్కటే. ఆయన పాత చెల్లింపులు చూపించి చిన్నమ్మాయికి కొత్త అప్పు మంజూరు చేశాను. ఆ అమ్మాయి బీఈడీలో చేరింది. మంచివాడికి మంచే జరిగిందని మురిసిపోయాను కూడా.

కొన్నేళ్ళకు, నేను అమలాపురం మారాక, అంబాజీపేట కొత్త మేనేజరు ఫోన్ చేశాడు. వీర్రాజు గారి రెండో అప్పులో ఒక్క వాయిదా కూడా పడలేదట. పెద్దమ్మాయి బాకీ పైసాతో సహా తీర్చిన మనిషి! చిన్నమ్మాయికి టీచరు ఉద్యోగం కూడా వచ్చిందట. నేను నమ్మలేదు. బస్టాండులో ఆయన కనిపిస్తే ఆపి అడిగేశాను.

"ఆయ్, కట్టట్లేదండి," అన్నారు అదే మర్యాదతో. "ఎన్ని నెలలు ఎగ్గొట్టాలో తమరు ఆ రోజు చెప్పలేదు కదండీ. అంచేత మాఫీ వచ్చేదాకా చూద్దామనండి."



మాఫీ ఇచ్చేటప్పుడు బ్యాంకు పోయే వడ్డీనే లెక్క వేసుకుంటుంది. కట్టేవాడు పక్కనే నిలబడి చూస్తున్నాడన్నది ఏ లెక్కలోకీ రాదు. వీర్రాజు గారికి ఎగ్గొట్టడం నేర్పింది మేమే.