చలి వదలని జిగురు

మా ఇల్లు భవానీపురంలో. పనిచేసే షెడ్డు కంకిపాడు దాటాక. రెండు బస్సులు మారి చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. బట్టల షాపుల్లో చొక్కాలకు అట్టముక్కలు వేలాడతాయి కదా, వాటి లోపల దాగి ఉండే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు మా దగ్గర తయారవుతాయి. రీడర్ దగ్గరికి తెస్తే చాలు, ముట్టుకోకుండానే ట్యాగు తన నంబరు చెబుతుంది.

చూడటానికి తేలికైన పనే. పల్చటి ప్లాస్టిక్ చుట్ట మీద అల్యూమినియం గీతల యాంటెన్నాలు వరసగా వస్తాయి. యంత్రం ఒక్కోదాని మీద జిగురు చుక్క పెట్టి, గసగసాల గింజకన్నా చిన్న చిప్పును దానిపై దించుతుంది. వేడి అచ్చు నొక్కగానే అతుక్కుంటుంది. చివర్లో రీడర్‌కి పలకని ట్యాగు మీద నల్ల చుక్క పడుతుంది. అలాంటివి కత్తిరించి, చుట్టను మళ్లీ అతికించడం నా పని. పుట్టింట్లో మగ్గం ఉండేది. తెగిన పోగులు అతికిన అలవాటుందని నన్ను తీసుకున్నారు.

జిగురు సిరంజీలు ఫ్రిజ్‌లో ఉంటాయి. బయటికి తీశాక గంటసేపు మూత తీయకూడదు. చల్లటి జిగురుకు గాలి తగిలితే తేమ పడుతుంది, చిప్పు సరిగ్గా అతుక్కోదు. ఆ వారం జిగురు చూసే ఆవిడ సెలవు పెడితే ఆ పనీ నాకే తగిలించారు. ఇంట్లో మా అత్తగారికి జ్వరం, మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. ఆ పొద్దున సిరంజీ తీసి పావుగంటకే యంత్రానికి బిగించేశాను. మర్చిపోయి కాదు. ఆ పని తెమిల్చేసి కాసేపు కూర్చోవాలనిపించింది, అంతే.

మధ్యాహ్నానికి నల్ల చుక్కలు మొదలయ్యాయి. ముందు అక్కడొకటి ఇక్కడొకటి, తర్వాత వరసపెట్టి. సూపర్‌వైజర్ గారు యంత్రం ఆపించి మెకానిక్ మీద విరుచుకుపడ్డారు.

"అచ్చు వేడి సరిపోవట్లేదయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"చూశానండీ, సరిగ్గానే ఉందండీ," అన్నాడతను.

నేను కత్తెర పట్టుకుని అలాగే కూర్చున్నాను. అతను అచ్చు విప్పబోయి, చెయ్యి చురుక్కుమంటే విదిలించుకున్నాడు. అప్పుడు లేచాను.

"అతని తప్పు లేదండీ. జిగురు నేనే తొందరపడి పెట్టేశానండీ."

"గంట ఆగలేకపోయారా అమ్మా?"

"ఆగలేకపోయానండీ. ఒంట్లో ఓపిక లేదు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఎవరికుందమ్మా?" అన్నారు.

ఆ చుట్టంతా పారేశారు. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు గానీ జిగురు పని మళ్లీ ఇవ్వలేదు. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గూ పడ్డాను. మెకానిక్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం బస్సులో నా సీటు దగ్గరికొచ్చి, "కాస్త జరగండక్కా," అన్నాడు. జరిగాను. బందరు రోడ్డు పొడవునా ఇద్దరం కూర్చునే నిద్రపోయాం.