ఖాలమ్మ తుర్కీ రొట్టె

మొన్న మా మనుమరాలు ఇంట్లనే ఓవెన్‌ల ఒక రొట్టె కాల్చింది. లావుగ, పైన వేళ్ల గుంటలతోని, నల్లజీలకర్ర చల్లి. "అమ్మమ్మా, ఇది టర్కీ రొట్టె. ఫోన్‌ల చూసి నేర్చుకున్న" అన్నది. వేడివేడిగనే డబ్బల పెట్టి మూత పెట్టబోతుంటే, "చల్లారనియ్యి బిడ్డా, చెమట పడితే బూజొస్తది" అన్న. నీకెట్ల తెలుసన్నట్టు ఆ పిల్ల నా దిక్కు వింతగ చూసింది.

నా చిన్నప్పుడు తిరుమలగిరి దిక్కున్న మా ఊర్ల, మా పక్కింట్ల ఖాలమ్మ ఉండేది. అది ఆమె పేరనే అనుకున్న చానా రోజులు. ఖాలా అంటే చిన్నమ్మ అని తర్వాత తెలిసింది. ఆమె పెనిమిటి పట్నంల ఒక నవాబు వంటింట్ల పని చేసిండట. అక్కడ తుర్కీ దేశంకెల్లి వచ్చిన వంటాయన దగ్గర గీ రొట్టె నేర్చుకొని, పెండ్లానికి నేర్పిండు. ఆయన పోయినంక ఆమె తల్లిగారి ఊరికొచ్చి, పెరట్ల మట్టి బట్టీ కట్టుకున్నది. తురకామె చేస్తది గనుక అది తురక రొట్టె అని ఊరోళ్ల లెక్క. "తురక కాదు, తుర్కీ" అని ఆమె ఎంత దిద్దినా ఎవ్వరికీ తేడా తెల్వకపోయేది. జొన్నరొట్టెలు తినే మాకు పేరుతోని పనేంది? ఆమె నిన్నటి పిండి ముద్దను ఇయ్యాల్టి పిండిల కలిపి పొంగనిచ్చేది. తుమ్మకట్టెలు మండి బట్టీ గోడలు తెల్లబడ్డంక బూడిద ఊడ్చి, రొట్టెలు లోపలికి తోసేది. తీసినంక నులకమంచం మీద చల్లార్చి, నూలుబట్టల చుట్టి కుండల పెట్టేది. ఇంకా ఎక్కువ రోజులుండాలంటే ముక్కలు కోసి, ఆరిపోతున్న బట్టీల మళ్ల ఎండబెట్టేది. నీళ్లల ముంచితే అవి మళ్ల మెత్తబడేటివి.

గప్పుడే పక్క ఊర్ల రజాకార్ల క్యాంపు పడ్డది. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లని దొరికినోళ్లను కొట్టుడు, ఇండ్లు కాలబెట్టుడు. మా బాపు, ఊర్ల మగోళ్లు గుట్ట ఎక్కి దాక్కున్నరు. అక్కడ పొయ్యి పెడితే పొగ కనబడ్తది. క్యాంపోళ్లు ఖాలమ్మకు గోధుమపిండి మూటలు పంపి రొట్టెలు కాల్చమన్నరు. కాదంటే బతకనియ్యరు. ఆమె కాల్చింది. వాళ్ల పిండిలకెల్లే కొంత తీసి గుట్ట మీదోళ్లకు ఎండురొట్టెలు సుత చేసింది. మా అవ్వ వాటిని గడ్డిమోపుల పెట్టుకొని పోయేది.

ఒక పొద్దుగాల నేను ఆ ముక్కలు మూట కడుతుంటే క్యాంపు మనిషి తుపాకితోని పెరట్లకొచ్చిండు. మంచం నిండ ముక్కలు చూసి "ఇన్ని ఎవరికి?" అన్నడు. నేను సగం కట్టిన మూట ఇడిచిపెట్టిన. ఖాలమ్మ బట్టీ దిక్కుకెల్లి తల తిప్పలేదు. "ముసురు పట్టేటట్టున్నది భాయ్. కట్టెలు తడిస్తే మీకు రొట్టె ఎక్కడిది? అందుకే ఎండబెడ్తున్న" అనుకుంట, వేడి రొట్టె ఒకటి తీసి ఆయన చేతుల పెట్టింది. ఆయన ఊదుకుంట తిని పోయిండు. ఖాలమ్మ నా మూట దిక్కు చూసి, "ముడి గట్టిగ వెయ్యి బిడ్డా" అన్నది.

తర్వాత మిలటరీ వచ్చింది, రజాకార్లు పారిపోయిండ్రు, బాపు గుట్ట దిగిండు. మా కష్టం తీరింది గని ఖాలమ్మది మొదలైంది. వేరే ఊర్లకెల్లి గుంపులు తురకోళ్ల ఇండ్లు వెతుక్కుంట తిరిగినయి. ఒకనాడు పట్టపగలే కట్టెలు పట్టుకొని మా వాడకొచ్చిండ్రు. అవ్వ పోయి ఖాలమ్మ గడప మీద కూసున్నది. బాపు, గుట్ట దిగిన మగోళ్లు ముంగట నిలబడ్డరు.

"రజాకార్లకు రొట్టెలు చేసింది గీమెనే గదా" అన్నడు గుంపుల ఒకడు.

"చేసింది" అన్నది అవ్వ. "మా మగోళ్లకు సుత చేసింది. వీళ్లు బతికొచ్చింది గా రొట్టెతోనే. కావాలంటే అడుగు."

వాళ్లు ముంగట నిలబడ్డ మగోళ్లను చూసి, గునుసుకుంట పోయిండ్రు. ఖాలమ్మ ఏడుస్తుంటదని నేను లోపలికి ఉరికిన. ఆమె మోచేతుల దాక పిండిల ఉన్నది. "పొంగిన పిండి ఆగదు బిడ్డా" అన్నది, అంతే. గా రోజు వాడంత ఆమె పెరట్లనే తిన్నది.

ఆమె చానా ఏండ్లు మా ఊర్లనే బతికి, అక్కడనే కన్నుమూసింది. గా రజాకార్ల కాలంల నా కంటికి ఆమె పెద్ద ముసలామె. ఇప్పుడు లెక్కేసుకుంటే, గప్పటి ఆమె ఈడు ఇయ్యాల నా బిడ్డ ఈడు కంటే తక్కువ. కాలం గట్లనే పెద్దోళ్లను మనకంటే చిన్నోళ్లను చేసి చూపెడ్తది. ఆమె చేసిన పని మాత్రం నా ముంగట ఏటేటా పెద్దదే అయితాంది.