సగం మావయ్య

మా మావయ్య ఏ పనినీ పూర్తిగా చెయ్యడు. చేతకాక కాదు, బద్ధకమూ కాదు. కొత్తది ఏదొచ్చినా సగానికి చేసి, మిగతా సగాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తాడు. ఎందుకయ్యా అంటే, "పోల్చి చూడాలి కదమ్మా!" అంటాడు. పెద్దాసుపత్రిలో కొత్త మందుల్ని పరీక్షించే విభాగానికి ఆయనే పెద్ద. రోగుల్లో సగం మందికి కొత్త మందు, మిగతా సగం మందికి అదే రంగులో, అదే సైజులో, లోపల మందే లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, తేడా చూడటం ఆయన ఉద్యోగం. సాయంత్రం ఆ ఉద్యోగాన్ని ఆఫీసులోనే వదిలి రావాలని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. గేటు దగ్గర కాపలా మనిషి నుంచి డైరెక్టరు దాకా అందరూ ఆయన్ని "సగం డాక్టరు" అంటారు. నేను సగం మావయ్య అంటాను. మా అత్తయ్య ఏమంటుందో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఫార్మసీ చదువుకని నేను వాళ్ళింట్లో దిగిన రోజున తలుపు తీసింది మావయ్యే. తల కుడివైపంతా నూనె ఓడుతోంది. ఎడమవైపు పొడిగా ఉంది.

"అదేంటి మావయ్యా, మధ్యలో నూనె అయిపోయిందా?"

"సీసా నిండా ఉందమ్మా. క్షవరం చేసేవాడు కొత్త నూనె ఇచ్చాడు, బట్టతల మీద జుట్టు మొలిపిస్తుందిట. అందుకని సగానికి రాస్తున్నా."

"మొత్తానికి రాసుకోవచ్చుగా?"

"మొత్తానికి రాసుకుంటే, మొలిచింది నూనె వల్లనా, దానంతటది మొలిచిందా అని ఎలా తెలుస్తుంది?"

కొన్నాళ్ళకి నిజంగానే నాలుగు వెంట్రుకలు మొలిచాయి. నూనె రాయని వైపు. ఇంకొకరైతే సీసా పట్టుకెళ్ళి ఆ క్షవరం చేసేవాడి నెత్తిన కొట్టేవారు. మావయ్య అద్దం ముందు ఎగిరి గంతేశాడు. "చూశావా! తల మొత్తానికి రాసుకుని ఉంటే, ఇవి నూనె పుణ్యమేనని ఊరంతా చాటేవాణ్ణి!"

"ఇప్పుడు మాత్రం చాటడం లేదేంటి?" అంది అత్తయ్య వంటింట్లోంచి.

ఇంకోసారి మడమ నొప్పికి బూటులో వేసుకునే మెత్తటి అట్టలు వచ్చాయని ఎవరో చెబితే, కొనుక్కుని ఒక్క బూటులోనే వేసుకున్నాడు. ఒక కాలు ఎత్తు, ఒక కాలు పల్లం. అలా ఒరుగుతూ ఆసుపత్రి వరండాలో నడిచొస్తుంటే, అప్పుడే ఉద్యోగంలో చేరిన కుర్ర డాక్టరమ్మ చూసి హడలిపోయింది. పరుగెత్తుకొచ్చి పట్టుకుని, చక్రాల బల్ల మీద పడుకోబెట్టేసింది. "సార్, పక్షవాతంలా ఉంది. కంగారు పడకండి. ఒకసారి నవ్వండి. చేతులు పైకెత్తండి."

"రెండు చేతులూనా, ఒకటి చాలా?" అని అడిగాడట మావయ్య. మాట తీరు కూడా తేడాగా ఉందని ఆవిడ తల స్కానింగుకి పంపించేసింది. అందులో తేడా ఏమీ కనిపించలేదు. అత్తయ్య మాత్రం ఆ మిషను పాడైపోయిందని ఇప్పటికీ వాదిస్తుంది.

ఓ ఆదివారం భోజనాల దగ్గర నేనే నోరు జారాను. "మావయ్యా, పెళ్ళయ్యాక నువ్వు సుఖపడ్డావా?"

మావయ్య చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించడమే తప్పు. ఆ తర్వాత నోరు విప్పడం ఇంకా పెద్ద తప్పు. "దేనితో పోల్చి చెప్పమంటావు? పెళ్ళికి ముందు నేను కుర్రాణ్ణి. ఇప్పుడు ముసలాణ్ణి. అది సరైన పోలిక కాదు."

అత్తయ్య గరిటె కింద పెట్టింది. "పోలికేగా మీకు కావాల్సింది? ఇవాళే మా పుట్టింటికి వెడతాను. తీరిగ్గా పోల్చుకోండి." అన్నంత పనీ చేసింది.

వారం తిరక్కుండా మావయ్య అత్తారింటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. "ప్రయోగం మధ్యలో ఆపేశానోయ్" అన్నాడు. "ఫలితం ఇంత స్పష్టంగా తేలిపోయాక కొనసాగించడం న్యాయం కాదు. మా శాస్త్రంలో అది నియమం." అత్తయ్య పెట్టె సర్దుకుంటూనే తిట్టింది, తిడుతూనే నవ్వింది.

గులాబీల గొడవ మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మొక్కలతో రోజూ మాట్లాడితే బాగా పూస్తాయని పక్కింటి పిన్నిగారు అన్నారు. మర్నాటి నుంచి మావయ్య డాబా మీద సగం కుండీలకి రోజూ పొద్దున్నే పేపర్లో వార్తలు చదివి వినిపించాడు. మిగతా సగాన్ని గోడకి అటువైపు పెట్టి, వాటి దగ్గర ఎవరూ నోరు విప్పకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. నెల గడిచేసరికి అన్ని కుండీలూ సమానంగా పూశాయి. "మాటలతో లాభం లేదని తేలిపోయింది!" అని ఆయన సంబరపడుతుంటే, అత్తయ్య నీళ్ళు నమిలింది.

"ఏమిటోయ్?"

"అంటే... అటువైపు వాటితో నేను మాట్లాడుతున్నానండీ. మీరు స్నానానికి వెళ్ళినప్పుడల్లా."

మావయ్య నెత్తి పట్టుకుని అక్కడే చతికిలపడ్డాడు. "ప్రయోగమంతా గంగలో కలిపావు కదోయ్! ఎందుకు చేశావా పని?"

"ఎందుకేంటి? వీటికేమో లోకంలో సంగతులన్నీ చెబుతారు, వాటిని గోడ చాటున మూగవాళ్ళలా పడేస్తారు. ఆ సగం ఏం పాపం చేసిందండీ?"

మామూలుగా అయితే మావయ్య గంటసేపు వాదించేవాడు. ఆవేళ మాత్రం మెల్లగా లేచాడు. గోడ అవతల కుండీల దగ్గరకెళ్ళి కాసేపు నిలబడి వచ్చాడు. ఓడిపోయానని ఉడుక్కుంటున్నాడనుకుని నేనూ అత్తయ్యా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

ఇక దర్జీ సంగతి. ఆసుపత్రి వెనక సందులో ఆయనకో చిన్న కొట్టుంది. మావయ్య చొక్కాలన్నీ కుట్టింది ఆయనే. కొంతకాలంగా ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఊరికే కూర్చుంటే బాగానే ఉంటాయి. సూది పట్టుకున్నా, టీ గ్లాసెత్తినా వణుకుతాయి. కుట్టు వంకరపోయేది, కాజా ఒకచోట, గుండీ ఒకచోట పడేది. బేరాలన్నీ ఎదురుగా ఉన్న కొత్త కొట్టుకి వెళ్ళిపోయాయి. మావయ్య మాత్రం గుడ్డ ఈయనకే ఇచ్చేవాడు. ఆ చొక్కాలు వేసుకుని, ఒక భుజం పైకీ ఒక భుజం కిందకీ పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేవాడు. అది కూడా ఏదో ప్రయోగమేనని అందరూ సరిపెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆ వణుక్కి కొత్త మందొచ్చింది. పరీక్ష మావయ్య విభాగంలోనే. నేనూ అప్పటికి ఆసుపత్రి ఫార్మసీలో చేరాను. దర్జీ అందరికంటే ముందు పేరిచ్చేశాడు. "అమ్మా, ఆ మందు ఎప్పుడిస్తారు?" అని కనిపించినప్పుడల్లా నన్ను అడిగేవాడు. నేనేం చెప్పను? మందుల కంపెనీ సిద్ధం, ఆసుపత్రి సిద్ధం. మావయ్య ఒక్కడే సంతకం పెట్టడు. కాగితాలు వెళతాయి, తిరిగొస్తాయి. ఏదో ఒక్క షరతు దగ్గర పట్టుకుని కూర్చున్నాడని చెప్పుకున్నారు. ఒళ్ళుమండి నేను ఇంట్లో దెబ్బలాడాను.

"మావయ్యా, నీ మొండితనం వల్ల ఆ మనిషి కొట్టు మూసుకునేలా ఉన్నాడు. ఇంకా ఏం పోల్చాలి నీకు?"

"ఒక్క మాట తేలాలమ్మా. అది తేలితే సంతకం పెడతా."

"ఏమిటా మాట?"

"తేలనీ, చెబుతా."

ఎట్టకేలకు మావయ్య సంతకం పెట్టాడు, పరీక్ష మొదలైంది. ఎవరికి అసలు మందు వెళుతోందో, ఎవరికి ఉత్తుత్తిది వెళుతోందో రోగులకీ తెలీదు, డాక్టర్లకీ తెలీదు, డబ్బాలందించే నాకూ తెలీదు. కంప్యూటరుకే తెలుసు. రోగి వచ్చినప్పుడల్లా కాగితం మీద నత్తగుల్లలా లోపల్నుంచి బయటికి చుట్టలు గీయమంటారు. వణుకెంతో ఆ గీతలో కనిపిస్తుంది. దర్జీ తనకి తెలిసిన మనిషి కాబట్టి మావయ్య ఆయన పరీక్ష దగ్గరికే వచ్చేవాడు కాదు. దర్జీ మాత్రం వరండాలో ఆయన్ని పట్టుకునేవాడు.

"అయ్యా, నేను ఏ సగం?"

"నాకు నిజంగా తెలీదయ్యా."

"పోనీలెండి. నాకు మాత్రం చాలా నయంగా ఉంది." అలా అంటూనే చేతులు వెనక్కి దాచుకునేవాడు. సగం డాక్టరుగారు చిన్నబుచ్చుకుంటారని ఆయన బెంగ.

నయమైనట్టు నిరూపించడానికి ఓ చొక్కా కూడా మొదలుపెట్టాడు. అత్తయ్య మావయ్య పుట్టినరోజుకి ఏరి కొన్న నీలం గుడ్డ అది. ఎడమ సగం అయ్యేసరికి సంగతి బయటపడిపోయింది. కుట్టు ఒక్కచోటా తిన్నగా లేదు, జేబు ఓ పక్కకి ఒరిగింది. దర్జీ మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. "మంచి గుడ్డ పాడుచేశానయ్యా. ఎదురు కొట్లో ఇచ్చుకోండి."

"ఎవడికీ ఇవ్వను" అన్నాడు మావయ్య. "ఎడమ సగం చాలు, అక్కడ ఆపు. కుడి సగం ఈ పరీక్ష అయ్యాక కుడుదువుగాని."

ఈ మాట విని అత్తయ్య ఒంటికాలి మీద లేచింది. "ఇన్నాళ్ళూ తల సగం, బూటు సగం. ఇప్పుడు చొక్కా కూడా సగమేనా? ఒక చెయ్యి తొడుక్కుని తిరుగుతారా ఊళ్ళో?"

పరీక్ష ముగిసింది. మందు బ్రహ్మాండంగా పనిచేసిందని తేలింది. విభాగమంతా కేరింతలు. నేను ఆత్రం పట్టలేక కంప్యూటరులో దర్జీ పేరు వెతికాను. ఆయన తిన్నదంతా ఉత్తుత్తి మాత్రలే. బజారులోకి ఆ మందు రావాలంటే ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. అంతదాకా ఆ కొట్టు ఉండదు. నాకు ఏడుపొచ్చేసింది. కళ్ళు తుడుచుకుంటూ వరండాలోకొస్తే మందుల కంపెనీ ఆఫీసరు కనిపించాడు.

"ఏంటమ్మా, అందరూ నవ్వుతుంటే నువ్వు ఏడుస్తున్నావు?"

"నవ్వేది సగం మందే కదండీ. ఉత్తుత్తి మాత్రలు మింగిన సగం గతేంటి?"

ఆఫీసరు నన్ను వింతగా చూశాడు. "అదేంటి, మీ మావయ్య చెప్పలేదా? రేపట్నుంచి వాళ్ళందరికీ అసలు మందే. బజారులోకి వచ్చేదాకా మేమే ఇస్తాం. ఆ ఒక్క వాక్యం ఒప్పందంలో రాస్తే తప్ప సంతకం పెట్టనని మమ్మల్ని ఆఫీసుల చుట్టూ తిప్పి తిప్పి చంపాడు కదమ్మా! కుదరదన్నాం. ఆలస్యమవుతుందన్నాం. వేరే ఆసుపత్రికి వెళ్ళిపోతామని బెదిరించాం. ఊహూఁ. వాళ్ళు అవతల సగంగా నిలబడబట్టే కదా మందు పనిచేస్తుందని మీకు తెలిసేది అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పినా ఒకటే ప్రశ్న."

"ఏమిటండీ?"

"ఆ సగం ఏం పాపం చేసింది?"

నేను ఇంటికి పరిగెత్తి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "అది నా మాట కదే!" అంది. కాసేపటికి కొంగుతో కళ్ళొత్తుకుని, "పెద్దపెద్ద వాళ్ళ ముందు నా మాట చెప్పి, నా పేరు మాత్రం చెప్పలేదన్నమాట. చూడు ఈ మనిషి!" అని మురిసిపోయింది. మావయ్య ఇంటికి రాగానే ఒక కప్పు కాఫీ ఇచ్చింది. నిండుగా.

అసలు మందు పడ్డాక దర్జీ చేతులు మెల్లమెల్లగా కుదుటపడ్డాయి. వణుకు పూర్తిగా పోలేదు గానీ, సూదిలో దారం మొదటిసారికే ఎక్కిన రోజున ఆయన సూదీ దారం పట్టుకుని నా ఫార్మసీ కిటికీ దగ్గరికొచ్చి చూపించాడు. చూపిస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు. నేనూ అంతే. నీలం చొక్కా కుడి సగం ఆ వారంలోనే కుట్టేశాడు. గీత గీసినట్టుంది కుట్టు. రెండు సగాలూ కలిపి, ఇస్త్రీ చేసి తెచ్చాడు.

"ఈ ఎడమ సగం చూస్తే సిగ్గేస్తోందయ్యా. ఒక్క రోజు టైమివ్వండి, విప్పి మళ్ళీ కుడతాను."

మావయ్య ఆ చొక్కాని గుండెలకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "ముట్టుకున్నావంటే ఊరుకోను! అది విప్పేస్తే నేను దేనితో పోల్చుకోను?"

ఆ మందు గురించి పెద్ద డాక్టర్లందరి ముందూ మాట్లాడాల్సిన రోజున ఆయన వేసుకెళ్ళింది ఆ చొక్కానే. డైరెక్టరు కొత్త కోటు ఎరువిస్తానన్నా వినలేదు. పటాలూ అంకెలూ అన్నీ చూపించాక, వేదిక అంచుకొచ్చి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "ఇది మా దర్జీ మందుకి ముందు కుట్టింది, ఇది తర్వాత. అంకెలు నమ్మనివాళ్ళు దగ్గరికొచ్చి కుట్టు చూసుకోవచ్చు" అన్నాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

వెనక వరసలో అత్తయ్యా, నేనూ, దర్జీ కూర్చున్నాం. దర్జీ చప్పట్లు కొట్టడం లేదు. రెండు చేతులూ ముందుకు చాచి, కదలకుండా పెట్టి, వాటినే చూసుకుంటున్నాడు. అత్తయ్య మాత్రం చేతులు ఎర్రబడేలా కొడుతోంది.

"అత్తయ్యా, ఇక చాల్లే" అన్నాను.

"ఉండవే" అంది. "కుడి సగానికి కొట్టడం అయింది. ఇప్పుడు ఎడమ సగానికి కొడుతున్నాను."